రంగులద్దిన నేరస్థలం: హత్యాస్థల ఛాయాచిత్రాలతో పనిచేసిన ఒక వీడియో ఎడిటర్ కేసు

సంచలన హత్యకేసుల నేరస్థల ఛాయాచిత్రాలు ఒకప్పుడు పోలీసు దస్త్రాల్లోనూ కోర్టు రికార్డుల్లోనూ నేరశాస్త్ర గ్రంథాల్లోనూ మాత్రమే ఉండేవి. ఇప్పుడు అవి ఎవరి ఫోనులోనైనా కనిపిస్తున్నాయి. వాటిని చూసే ప్రేక్షకుల మీద పడే ప్రభావం గురించి అడపాదడపా చర్చ జరుగుతోంది. కానీ అవి తెరమీదికి రాకముందు వాటిని గంటల తరబడి కత్తిరించి, పెద్దవి చేసి, శుభ్రం చేసి, రంగులద్దే ఉద్యోగుల గురించి మన క్లినిక్‌లలో దాదాపు ఎవరూ అడగడం లేదు. అటువంటి ఉద్యోగి ఒకరికి చేసిన చికిత్సను ఇక్కడ నమోదు చేస్తున్నాను. అందులో ఏ చికిత్స పనిచేసిందన్న దానికంటే, మొదటి చికిత్స ఎందుకు ముందుకు సాగలేదన్న ప్రశ్నకు దొరికిన జవాబు తోటి చికిత్సకులకు ఎక్కువగా ఉపయోగపడుతుందని నా నమ్మకం.

ఆయన అనుమతితోనే రాస్తున్నాను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ కింద చికిత్స పొందేవారికి గోప్యత హక్కు ఉంది. అందుకే ఊరు, కుటుంబ వివరాలు, పనిచేసిన సంస్థను గుర్తుపట్టగలిగే విషయాలు కొన్ని మార్చాను, కొన్ని పూర్తిగా వదిలేశాను. హతురాలి పేరు మాత్రం మార్చలేదు. ఆమె 1888లో చనిపోయిన, చరిత్రలో నమోదైన మనిషి. పైగా ఆమెను పేరుతో పిలవడం ఈ చికిత్సలో ఒక భాగమైంది.

నేపథ్యం

రోగి ముప్పయ్యో పడిలో ఉన్న వివాహితుడు. తెలుగు రాష్ట్రాల్లోని ఒక నగరంలో వీడియో ఎడిటర్. చాలాకాలం పెళ్ళి వీడియోలు ఎడిట్ చేశాడు. సీజను పని కావడంతో ఆదాయం నిలకడగా ఉండక, నేరకథనాలు ప్రసారం చేసే ఒక తెలుగు యూట్యూబ్ ఛానల్‌లో నెలజీతానికి చేరాడు. కథనం ఇంకొకరు రాస్తారు, గొంతు మరొకరిది. దానికి తగిన చిత్రాలు వెతికి, కూర్చి, వాటికి కదలిక తెప్పించడం ఈయన పని. నిశ్చలచిత్రం మీద కెమెరా మెల్లగా దగ్గరికి జరుగుతున్నట్టు చూపించడం, పాత చిత్రాల మీది గీతలు చెరిపి స్పష్టత పెంచడం, నలుపు తెలుపు చిత్రాలకు సాఫ్ట్‌వేర్‌తో రంగులు వేయడం, చివరికి ఎర్రటి వలయం గీసిన థంబ్‌నెయిల్ తయారుచేయడం అందులో వచ్చేవి. ప్రసారమయ్యే వీడియోలో భయానకమైన భాగాలను మసకచేస్తారు. అయితే మసకచేయాలంటే ఎవరో ఒకరు ముందు వాటిని స్పష్టంగా చూసి, వాటి అంచుల వెంట గీత గీయాలి. ఆ పనీ ఈయనదే.

గతంలో మానసిక సమస్యలు లేవు. మద్యం అప్పుడప్పుడు మాత్రమే. బాల్యంలో హింసను చూసిన అనుభవం గాని, దగ్గరివారిని హఠాత్తుగా కోల్పోయిన అనుభవం గాని లేవని విడిగా అడిగి నిర్ధారించుకున్నాను.

సమస్య

ఆయన తనంతట తాను రాలేదు, భార్య తీసుకొచ్చింది. కొన్ని నెలలుగా రాత్రుళ్ళు పడకగదిలో కాకుండా హాల్లో కూర్చునే నిద్రపోతున్నాడని, ఆదివారం మాంసం తేవడం మానేశాడని, ఎర్రటి దుప్పటిని బీరువాలోంచి తీసి ఎవరికో ఇచ్చేశాడని ఆమె చెప్పింది. మొదట తన మీద కోపమేమో అనుకుందట. పెద్దవాళ్ళు దిష్టి తీయించి, తాయెత్తు కట్టించారు. స్థానిక వైద్యుడు నిద్రమాత్రలు రాసిచ్చారు. మాత్రలతో నిద్ర పట్టేది కాని, మెలకువ వచ్చిన క్షణంలోనే మళ్ళీ అదే దృశ్యం కళ్ళముందు నిలిచేది.

ఆ దృశ్యం లండన్‌లోని వైట్‌చాపెల్ హత్యల పరంపరలోది. 1888 నవంబరు 9న స్పిటల్‌ఫీల్డ్స్ ప్రాంతంలో, డార్సెట్ వీధి పక్కనున్న మిల్లర్స్ కోర్టు 13వ నంబరు గదిలో మేరీ జేన్ కెల్లీ అనే యువతి హత్యకు గురైంది. ‘జాక్ ది రిప్పర్’ అన్న పేరుతో ప్రపంచమంతా ప్రచారమైన ఆ హంతకుడు చంపినట్టుగా సాధారణంగా లెక్కించే అయిదుగురిలో, హత్య జరిగిన చోటనే ఛాయాచిత్రం తీసినది ఈమె ఒక్కరికే. మిగిలినవారి చిత్రాలు మార్చురీలో తీసినవి. ఆ చిత్రంలో ఏముందో ఇక్కడ వర్ణించను. వర్ణన అవసరం లేకుండానే ఈ కేసు అర్థమవుతుంది.

భార్య గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు, మాంసం దుకాణం ముందు నడుస్తున్నప్పుడు, కొన్నిసార్లు ఏ కారణమూ లేకుండా అన్నం తింటున్నప్పుడు ఆ చిత్రం ఆయన కళ్ళముందుకు వచ్చేది. వచ్చినప్పుడల్లా గుండెదడ, ఒళ్ళు చల్లబడటం, గది విడిచి వెళ్ళిపోవాలన్న తొందర. దీనికి తోడు ఇంకో అలవాటు ఉందని రెండో సమావేశంలోగాని చెప్పలేదు. అర్ధరాత్రి లాప్‌టాప్ తెరిచి, తన తలలో కనిపిస్తున్నదీ అసలు చిత్రమూ ఒకటేనా అని సరిచూసుకునేవాడు. చూశాక కొన్ని నిమిషాలు ఉపశమనం, తరువాత మరింత కలత. ‘ఇలాంటివి ఇంతగా తలలోకి వస్తున్నాయంటే నేనే ఎప్పుడో ఏదైనా చేస్తానేమో’ అన్న భయం కూడా మొదలైంది. హాల్లో పడుకోవడానికి అసలు కారణం ఆ భయమే. దాన్ని భార్యకు చెప్పలేకపోయాడు.

నిర్ధారణలో ఆలోచించినవి

ఇక్కడ రెండు ప్రశ్నలు తేల్చుకోవలసి వచ్చింది. మొదటిది, దీన్ని పీటీఎస్‌డీ (దారుణమైన అనుభవం తరువాత మిగిలే మానసిక రుగ్మత) అనవచ్చా? అమెరికా మానసిక వైద్యుల సంఘం నిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం-5 ప్రకారం ప్రసారమాధ్యమాల ద్వారా, చిత్రాల ద్వారా మాత్రమే దారుణాలను చూడటం ఆ నిర్ధారణకు అర్హమైన అనుభవం కాదు. అయితే అది వృత్తిలో భాగంగా పదేపదే జరిగితే మినహాయింపు ఉంది. సరదాకు ఒక రాత్రి గూగుల్‌లో వెతికి చూసిన యువకుడికి వర్తించని నిర్వచనం, అదే చిత్రాన్ని జీతానికి వారాల తరబడి పెద్దవిచేసి చూసిన ఎడిటర్‌కు వర్తిస్తుంది. ఆ నియమాన్ని రాసినవారి మనసులో ప్రధానంగా ఉన్నది పోలీసులు, సహాయక సిబ్బంది అయివుండవచ్చుగాని, దాని అక్షరార్థం ఈయనను బయటపెట్టదు. పీటీఎస్‌డీ లక్షణాల తీవ్రతను కొలిచే పీసీఎల్-5 ప్రశ్నావళిలో 80కి ఆయన స్కోరు, ఆ రుగ్మత ఉండవచ్చనడానికి సాధారణంగా గీతగా వాడే 31–33 కంటే బాగా పైన ఉంది. ప్రశ్నావళి ఒక్కదానితో నిర్ధారణ చేయకూడదు. ఎగవేత (బాధపెట్టేవాటినుంచి తప్పించుకోవడం), ఉలికిపాటు, నిద్రభంగం, పనిలో దెబ్బతినడం వీటన్నిటినీ ముఖాముఖిలో విడివిడిగా పరిశీలించాకే ఆ నిర్ణయానికి వచ్చాను.

రెండో ప్రశ్న మరింత సున్నితమైనది. భార్యకు హాని చేస్తానేమోనన్న భయం, లాప్‌టాప్ తెరిచి సరిచూసుకోవడం ఈ రెండూ ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటిని అణచడానికి పదేపదే చేసే పనులతో కూడిన రుగ్మత) లక్షణాలను పోలి ఉన్నాయి. ఆ భయంలో కోరిక గాని, కోపం గాని, పథకం గాని లేశమైనా ఉన్నాయా అన్నది నేరుగా అడగాలి. అడగడానికి చికిత్సకుడు జంకితే రోగి ఆ జంకును తన అపాయకరత్వానికి రుజువుగా తీసుకుంటాడు. అడిగాను. లేవు. ఆ ఆలోచన వస్తే ఆయన వణికిపోయేవాడు, దూరంగా జరిగేవాడు. సరిచూసుకోవడం కూడా ఆ ఒక్క చిత్రానికే పరిమితం, చిత్రం బాధపెట్టడం మొదలయ్యాకే వచ్చింది. కాబట్టి ఓసీడీని విడి నిర్ధారణగా పెట్టక, దృశ్యాల చొరబాటు చుట్టూ పెరిగిన రక్షణ చర్యలుగా పరిగణించి, చికిత్స ముందుకు సాగేకొద్దీ ఈ అంచనాను మళ్ళీ పరిశీలించాలని కేసు షీటులో రాసుకున్నాను. ‘ఇలాంటి ఆలోచన రావడం, చేయాలని ఉండటం ఒకటి కావు’ అని భార్య సమక్షంలో వివరించిన తరువాత ఆయన పడకగదిలోకి తిరిగి వెళ్ళడానికి అంగీకరించాడు. ఏ పద్ధతీ మొదలుపెట్టకముందే కలిగిన మొదటి ఊరట ఇది.

ఆ ఛానల్‌లో ఈయన స్థానిక హత్యల చిత్రాలు కూడా చూశాడు. వాట్సాప్‌లో చక్కర్లు కొడుతూ వచ్చినవి, మన ఊళ్ళవి, మన భాషలో ఏడుస్తున్న బంధువులు పక్కన ఉన్నవి. అంత దగ్గరివి వదిలేసి, సముద్రాలకు ఆవల ఎప్పుడో జరిగిన హత్య ఎందుకు పట్టుకుందన్న ప్రశ్నకు మొదట్లో నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నను కేసు షీటు అంచున రాసి ఉంచాను.

మొదట ప్రయత్నించినవి

వచ్చేసరికే ఆయన సెలవులో ఉన్నాడు. చిత్రానికి దూరంగా ఉంటే మరిచిపోతాడని ఇంట్లోవారూ, ఆఫీసువారూ అనుకున్నారు. ఫోను తీసేసుకున్నారు, ‘దాని గురించి ఆలోచించకు’ అని పదేపదే చెప్పారు. వద్దనుకున్న ఆలోచన మరింత బలంగా తిరిగివస్తుందని మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ బృందం 1987లో, తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని చెప్పి చేసిన ప్రయోగంతో చూపింది. ఈయన విషయంలోనూ అంతే జరిగింది. అన్నీ ఒకేసారి చెప్పించి గుండెభారం దింపాలని బంధువుల్లో ఒకరు సూచించారు; ఒక్క విడతలో జరిపే అలాంటి డీబ్రీఫింగ్ వల్ల ప్రయోజనం కనబడలేదని పరిశోధనల సమీక్షలు తేల్చాయి కాబట్టి దానికి ఒప్పుకోలేదు. నిద్రమాత్రలను మానసిక వైద్యురాలి పర్యవేక్షణలో క్రమంగా తగ్గించాం.

ఆ తరువాత నేను ఎంచుకున్నది ఊహలో ఎదుర్కొనే పద్ధతి. భయపెట్టే జ్ఞాపకాన్ని కళ్ళు మూసుకుని, వర్తమానకాలంలో, వివరంగా మళ్ళీ మళ్ళీ చెప్పిస్తే, అది ఇప్పుడు జరుగుతున్నది కాదని మనసు నేర్చుకుంటుంది, బాధ తీవ్రత తగ్గుతుంది. పీటీఎస్‌డీకి బాగా పరీక్షించిన పద్ధతుల్లో ఇది ఒకటి. ఎగవేత బలంగా ఉన్న రోగికి దీన్ని ఎంచుకోవడం సహేతుకమే.

కాని ముందుకు సాగలేదు. ఒకే సమావేశంలో పదేపదే చెప్పినా బాధ స్థాయి దిగలేదు, వారం తరువాత వారం గడిచినా దిగలేదు. రికార్డు చేసుకుని ఇంట్లో వినమని ఇచ్చిన ఆడియో విన్న రాత్రులు నిద్ర ఇంకా చెడింది. మోతాదు సరిపోలేదా, ఇంకా కొన్నాళ్ళు కొనసాగించాలా, లేక ఇది తప్పు తాళంచెవా అన్నది నిర్ణయించుకోవలసిన దశ అది. ఇటువంటి చోట చాలామంది ‘రోగి పూర్తిగా సహకరించడం లేదు’ అని రాస్తారు. ఆయన చెప్పిన మాటల రికార్డును మళ్ళీ విన్నాను. సహకారం నిండుగా ఉంది. కాని చెప్పే తీరు సాక్షిది కాదు, ఎడిటర్‌ది. ‘ఫ్రేములో ఎడమపక్క బల్ల, వెలుతురు పైనుంచి పడుతోంది, కుడి మూల నాయిస్ ఎక్కువ’ అంటూ చెబుతున్నాడు. ఇంకొక వాక్యం దగ్గర ఆగిపోయాను. దుప్పటి మీది ఎరుపు గురించి ఆయన రెండుసార్లు చెప్పాడు.

అసలు చిత్రం నలుపు తెలుపు. 1888 నాటిది.

చిక్కు విడిన చోటు

తరువాతి సమావేశంలో రంగుల గురించి మాత్రమే అడిగాను. గోడ రంగు, మంచం కోడు రంగు, దుప్పటి రంగు. అన్నీ చెప్పాడు. ఆ రంగులు ఎక్కడివని అడిగితే చాలాసేపు మౌనంగా కూర్చుని, ‘నేను వేసినవే’ అన్నాడు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రంగులు పేలవంగా ఉన్నాయని పైనుంచి మాట రాగా, దుప్పటి మీద, చుట్టుపక్కల, ఎరుపును చేత్తో పొర మీద పొరగా పెంచాడట. చీకట్లో కలిసిపోయిన భాగాలకు వెలుతురు పెంచాడట. ఆ పని వారం పైగా సాగింది. స్థానిక కేసుల చిత్రాలను ఇంతసేపు చూడలేదు. అవి ఉన్నవి ఉన్నట్టుగా మసకచేసి పంపేసేవాడు. అంచున రాసుకున్న ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. ఆయనను వేధిస్తున్నది మేరీ కెల్లీ హత్య కాదు, ఛాయాచిత్రం కూడా కాదు. ఆ చిత్రం మీద తాను చేసిన పని. అర్ధరాత్రి లాప్‌టాప్‌లో తెరిచి సరిచూసుకున్నది కూడా పాత చిత్రాన్ని కాదు, తన ప్రాజెక్టు ఫైలును.

ఇది తెలిశాక సమస్య రూపమే మారిపోయింది. నేను ఎదుర్కోమన్నది భయాన్ని. ఆయన లోపల ఉన్నది భయంతో పాటు అపరాధభావం. ‘ఆవిడకు చుట్టూ ఎవరూ లేరు. అట్లా ఉన్న మనిషి మీద లైటు పెంచాను’ అన్నాడు. ఊహలో ఎదుర్కొనే ప్రతిసారీ ఆయన మనసు చేసింది అదే పనిని మళ్ళీ చేయడం: దగ్గరికి జరగడం, పెద్దది చేయడం, వెలుతురు పెంచడం. అపరాధభావానికి మూలమైన చర్యనే చికిత్స పేరుతో చేయిస్తే బాధ దిగదు.

క్రిస్ బ్రూయిన్ వంటి పరిశోధకుల వివరణ ఇక్కడ బాగా అతుకుతుంది. చొరబడే దృశ్యాల్లో రంగు, ఆకారం, వెలుతురు వంటి ఇంద్రియానుభవాలు గట్టిగా ముద్రపడి ఉంటాయి. ఎక్కడ, ఎప్పుడు, దాని ముందేమిటి, తరువాతేమిటి అన్న సందర్భం మాత్రం వాటితో ముడిపడి ఉండదు. సందర్భం తెగిన దృశ్యం కనుకనే అది ఇప్పుడే జరుగుతున్నట్టు అనిపిస్తుంది. ఈయన తలలోని దృశ్యం అన్నివిధాలా అలాంటిదే: ఒక క్లోజప్, దానికి ముందు వెనుకలు లేవు.

ఆ సమయంలో, పదవీవిరమణ చేసిన ఒక క్లూస్ టీమ్ ఫొటోగ్రాఫర్‌ను వృత్తిపరమైన సలహా కోసం కలిశాను. ఆయన వివరించిన పనిక్రమం ఈ కేసుకు ఇరుసులా ఉపయోగపడింది. నేరస్థలానికి వెళ్ళగానే మృతదేహం దగ్గరికి వెళ్ళి ఫొటో తీయరు. ముందు బయటినుంచి ఇల్లు, వీధి, గుమ్మం. తరువాత గది నాలుగు మూలలనుంచి. ఆ తరువాత మధ్యదూరంనుంచి ఒక్కొక్క వస్తువూ దాని పక్కవాటితో సహా. చివర మాత్రమే దగ్గరినుంచి, ఒకసారి స్కేలు లేకుండా, ఒకసారి స్కేలు పెట్టి. ఏ చిత్రమూ ఒంటరిగా నిలవదు. దగ్గరి చిత్రం ఎక్కడిదో దూరపు చిత్రం చెబుతుంది. పారిస్‌లో పోలీసు శాఖకు చెందిన ఆల్ఫోన్స్ బెర్టిలాన్ ఎత్తయిన ముక్కాలిపీట మీద కెమెరా నిలిపి, కొలతల చట్రంతో నేరస్థలాలను చిత్రించిన కాలంనుంచీ ఈ విద్య లక్ష్యం ఒకటే: చూసినవారిని నివ్వెరపరచడం కాదు, గదిని తిరిగి నిర్మించడం. మన దేశంలో 2024 జులై 1నుంచి అమల్లోకి వచ్చిన నేరవిచారణ విధాన చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్, ఏడేళ్ళు అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలాన్ని సందర్శించాలని, ఆ ప్రక్రియను వీడియో తీయాలని చెబుతోంది. అంటే ఇకముందు ఇలాంటి చిత్రాలు ఇంకా ఎక్కువగా తయారవుతాయి. బయటికి పొక్కినప్పుడు వరుస అంతా పొక్కదు. దూరపు చిత్రాలు ఎవరికీ అక్కర్లేదు. క్లోజప్ ఒక్కటే చేతులు మారుతుంది.

పనిచేసినవి

అందుకని చిత్రం దగ్గరికి వెళ్ళడం ఆపి, దానినుంచి వెనక్కి నడవాలని నిర్ణయించాం. ఆయన వృత్తిలోని భాషలోనే చెప్పాను: ‘మనకు వైడ్ షాట్ కావాలి, దానికి ముందు సీనూ వెనుక సీనూ కావాలి.’ ఆ మాట విన్న వెంటనే ఆయన కాగితం అడిగాడు.

ముందుగా గది నేలపటం గీశాడు. దాదాపు పన్నెండు అడుగుల చదరపు గది. కిటికీలో పగిలిన అద్దం. తాళంచెవి పోవడంతో ఆ అద్దంలోంచి చెయ్యి పెట్టి లోపలి గడియ తీసుకునేవారన్న సంగతి. బయట ఇరుకు సందు. సందు చివర డార్సెట్ వీధి. ఇంటర్నెట్‌లో హత్య గురించి వెతకకూడదని, విచారణ వాంగ్మూలాల్లోంచి నేను ఎంచి ఇచ్చిన భాగాలే చదవాలని నియమం పెట్టుకున్నాం. లేకపోతే పరిశోధన పేరుతో సరిచూసుకునే అలవాటు తిరిగి వచ్చే ప్రమాదం ఉంది. ఆపైన కాలక్రమం. అద్దె బకాయి 29 షిల్లింగులు. అది వసూలు చేయడానికి ఇంటి యజమాని పంపిన థామస్ బౌయర్ ఉదయం పదకొండు కావస్తుండగా వచ్చి కిటికీలోంచి చూశాడు. జాగిలాలు వస్తాయని ఎదురుచూసి, మధ్యాహ్నం ఒకటిన్నరకుగాని పోలీసులు తలుపు తెరిపించలేదు. ఛాయాచిత్రం ఆ తరువాతిది. అంటే కెమెరా గదిలోకి వచ్చేసరికి హంతకుడు వెళ్ళిపోయి గంటలు గడిచాయి, గదిలో అపాయం లేదు. ఈ చిన్న లెక్క ఆయన మీద ఊహించనంతగా పనిచేసింది. ఆయన తలలోని దృశ్యంలో హంతకుడు ఎప్పుడూ పక్కనే ఉన్నట్టుండేవాడు.

ఆ తరువాత హత్యకు ముందు కాలం వైపు వెళ్ళాం. ఇక్కడే ఎక్కువ కాలం గడిపాం, గడిపి ఉండవలసిందే. ఆమెకు సుమారు పాతికేళ్ళు. ఐర్లండ్‌లోని లిమరిక్‌లో పుట్టానని, వేల్స్‌లో పెరిగానని తనతో చెప్పినట్టు ఆమెతో కలిసి బతికిన జోసెఫ్ బార్నెట్ విచారణలో చెప్పాడు. వైట్‌చాపెల్ హత్యలకు ఆమె భయపడేదని, తాను పత్రికలు కొని తెచ్చి ఆ వార్తలు ఆమెకు చదివి వినిపించేవాడినని కూడా చెప్పాడు. చనిపోవడానికి కొద్ది గంటల ముందు, అర్ధరాత్రి దాటినా, ఆమె గదిలో పాడుతూ ఉండటం పొరుగామె మేరీ ఆన్ కాక్స్ విన్నది. నవంబరు 19న లేటన్‌స్టోన్‌లోని కేథలిక్ శ్మశానవాటికలో ఖననం చేశారు. ఖర్చు షోర్‌డిచ్ చర్చి ఉద్యోగి హెన్రీ విల్టన్ పెట్టుకున్నాడు. వీధుల్లో వేలమంది నిలబడ్డారు. ‘ఆవిడకు చుట్టూ ఎవరూ లేరు’ అని చెప్పిన రోగి ఈ చివరి సంగతి చదివి ఏడ్చాడు. ఆ దృశ్యం విషయంలో ఆయన ఏడవడం అదే మొదలు. అంతవరకు ఉన్నది వణుకే. వణుకు స్థానంలో దుఃఖం వచ్చిందంటే మనసు చిత్రాన్ని వదిలి మనిషిని చేరుకుందని నేను అర్థం చేసుకున్నాను, చికిత్స వేగాన్ని ఇక్కడ కావాలనే తగ్గించాను.

ఈ పునాది పడ్డాకే దృశ్యాన్ని ఊహలో తిరగరాసే పద్ధతికి వెళ్ళాం. గదిలోకి ఎవరు వెళ్ళాలి, ఏం చేయాలి అన్నది రోగే నిర్ణయించాలి. చికిత్సకుడు సూచించిన ముగింపు అరువు సొమ్ములా నిలవదు. హంతకుడిని ఆపే ప్రయత్నం చేస్తాడేమో అనుకున్నాను. ఆయన అది ఎంచుకోలేదు. పగటిపూట, పోలీసులు తలుపు తెరిచాక లోపలికి వెళ్ళి, ముందు తాను పెంచిన వెలుతురు తగ్గించి, రంగులు ఒక్కొక్కటిగా తీసేసి, ఆమె మీద తెల్లటి గుడ్డ నిండుగా కప్పి, తలవైపు దీపం పెట్టాడు. మన ఇళ్ళలో పోయినవారికి చేసేది. ఆ మతం వేరు, ఆ దేశం వేరు అన్న ప్రశ్న నేను లేవనెత్తలేదు. గౌరవం చూపడానికి ఆయన చేతికి తెలిసిన పద్ధతి అది. రంగులు తీసే భాగాన్ని ఊహలో చాలాసార్లు, నెమ్మదిగా చేయించాను. చేసిన పనిని అదే చేత్తో వెనక్కి తీసుకోవడం అపరాధభావానికి సూటిగా తగిలే చర్య అని నా ఆలోచన. దృశ్యం మళ్ళీ వచ్చినప్పుడు గుడ్డ కప్పి వస్తోందని కొద్ది వారాల్లో చెప్పాడు. అర్ధరాత్రి సరిచూసుకోవడం ప్రత్యేకంగా ఆపించవలసిన అవసరం రాకుండానే జారిపోయింది. ఓసీడీ విషయంలో చేసుకున్న అంచనా నిలిచింది.

చివరగా ఆ దృశ్యాన్ని రేపే దైనందిన ప్రేరకాల మీద పనిచేశాం. గోడవైపు తిరిగి పడుకున్న భార్యకూ ఆ చిత్రానికీ ఉన్న తేడాలను చూసినప్పుడల్లా మనసులో గుర్తుచేసుకోవడం, ఆమె ఊపిరి తీసుకోవడాన్ని గమనించడం, మాంసం దుకాణం ముందు మొదట నడవడం, తరువాత కొనడం. ఈ దశ సాఫీగా సాగింది, చెప్పుకోవలసిన మలుపులేమీ లేవు. పీసీఎల్-5 స్కోరు గీతకు బాగా దిగువకు వచ్చింది.

ఉద్యోగస్థలం

క్లినిక్‌లో నయమైన మనిషిని అదే బల్ల ముందుకు పంపితే ఏమవుతుందన్నది చికిత్స వెలుపలి ప్రశ్న కాదు. ఆయన రాతపూర్వక అనుమతితో యాజమాన్యంతో మాట్లాడాను. రోగనిర్ధారణ వెల్లడించకుండా, ఇటువంటి చిత్రాలతో పనిచేసే ఎవరికైనా అవసరమైన జాగ్రత్తలుగానే చెప్పాను. చిన్న తెర మీద, నలుపు తెలుపులో, శబ్దం లేకుండా మొదటి ఎంపిక చేయడం. మసకచేసే పనిని ఒక్కరిమీదే వేయకపోవడం. ఇలాంటి ఫైళ్ళను సాయంత్రం తరువాత తెరవకపోవడం. ముందే హెచ్చరిక ఉన్న పేరుతో ఫైలును పంపడం. మృతదేహాల చిత్రాలకు రంగులద్దడం పూర్తిగా మానేయడం. ఫేస్‌బుక్ కోసం కంటెంట్ పరిశీలించిన ఉద్యోగుల మానసిక హానికి సంబంధించిన దావాలో 2020లో అమెరికాలో 5.2 కోట్ల డాలర్ల పరిష్కారం కుదిరిందని చెప్పినప్పుడు యాజమాన్యం శ్రద్ధగా విన్నది. లైంగిక నేరాల బాధితుల గుర్తింపు వెల్లడించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద శిక్షార్హమని, బాధితురాలు మరణించినా ఆ రక్షణ పోదని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసిందని తమ న్యాయవాదితో చూసుకోమన్నాను. సూచనల్లో కొన్ని అమలయ్యాయి. రంగులద్దడం ఆగింది. సాయంత్రపు నియమం మాత్రం ప్రసార గడువుల ముందు నిలవలేదు. రోగి కొన్ని నెలలు అక్కడే పనిచేసి, తరువాత తన నిర్ణయంతోనే విద్యాసంబంధమైన వీడియోల సంస్థకు మారాడు.

ఈ కేసునుంచి

చిత్రాలు చూసి బాధపడుతున్నవారిని ‘ఏం చూశారు’ అని అడుగుతాం. దానితో పాటు ‘దానితో ఏం చేశారు, ఎంతసేపు, ఏ పరికరంతో’ అని అడగాలి. చొరబడే దృశ్యాన్ని అసలు చిత్రంతో పోల్చి, రంగు, కోణం, దూరం ఎక్కడ వేరుపడుతున్నాయో గమనించాలి; తేడా ఉన్నచోటే అర్థం దాగి ఉండే అవకాశం ఎక్కువ. ఈ పోలికకు చికిత్సకుడు చిత్రాన్ని రోగి ముందు తెరవనక్కరలేదు. నేను తెరవలేదు.

భయానికి చేసే చికిత్స అపరాధభావానికి సరిపోదని పుస్తకాల్లో ఉన్నదే. కాని తెర ముందు కూర్చుని పనిచేసినవారికి అపరాధభావం ఉంటుందని మనకు తట్టదు, ఎందుకంటే వారు ఎవరికీ హాని చేయలేదు. హాని చేయలేదని ఓదార్చడంతో నేను మొదలుపెట్టి ఉంటే ఆయన తలూపి, లోపలిది లోపలే ఉంచుకునేవాడు. ఆయన చేసిన పనిని ఆయన మాటల్లోనే వినడం, దానికి తగిన పరిహారాన్ని ఆయననే ఎంచుకోనివ్వడం మేలుచేశాయి.

ఒక హెచ్చరిక. దృశ్యాన్ని ఊహలో తిరగరాయడం 1888 నాటి చిత్రం విషయంలో ఎవరికీ నష్టం చేయదు. రోగి క్లూస్ టీమ్ సభ్యుడో, పంచనామాలో సాక్షిగా సంతకం చేసినవారో అయి, కేసు ఇంకా విచారణలో ఉంటే సంగతి వేరు. ఆయన రేపు బోనులో నిలబడి తాను చూసింది చూసినట్టు చెప్పవలసి ఉంటుంది. అటువంటప్పుడు సాక్ష్యం పూర్తయ్యేవరకు ఈ పద్ధతిని వాయిదావేసి, నిద్ర, ప్రేరకాలు, పనిక్రమం వంటి వాటి మీద ముందుగా పనిచేయడం మంచిది. తప్పనిసరై చేయవలసివస్తే అందులోని ప్రమాదాన్ని ఆయనకు ముందే వివరించి, ఆ వివరణను కేసు షీటులో తేదీతో నమోదు చేయాలి.

చికిత్స ముగిశాక జరిపిన పరిశీలనలో ఆయన నిద్ర నిలకడగా ఉంది. దృశ్యం అప్పుడప్పుడు వస్తుంది, ముఖ్యంగా నవంబరులో ఆ హత్యల గురించిన వీడియోలు ఫోనులో ఎదురైనప్పుడు. వచ్చినప్పుడు లేచి వెళ్ళిపోవడం లేదు. ఫోనులో అటువంటి సిఫారసులు రాకుండా సెట్టింగులు మార్చుకున్నాడు, అది ఎగవేత కాదా అని నన్ను అడిగాడు. కాదని చెప్పాను; ఎగవేత అంటే మనసులో ఉన్నదానినుంచి పారిపోవడం, ఇది ఇంటి గుమ్మంలోకి ఎవరిని రానివ్వాలన్న నిర్ణయం. తదుపరి పరిశీలన ఆరు నెలలకు పెట్టుకున్నాం.